కాలవ కింది అతుకు

నీళ్ల ఆఫీసులో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ సీసాలక్క. పొద్దున్నే భుజానికి పెట్టె తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి, కుళాయి నీళ్లు చిన్న సీసాల్లో పట్టి పరీక్షగదికి చేర్చడం ఆవిడ ఉద్యోగం. ఒక బిళ్ళ వేస్తే నీళ్లు గులాబీరంగుకు తిరగాలి. తిరిగితే క్రిములను చంపే మందు సరిపడా ఉన్నట్టు. మరో రకం సీసాలో పోసి ఒకటి రెండు రోజులు అట్టేపెడితే నీళ్లు ఎలా ఉన్నవి అలా ఉండాలి. నల్లబడ్డాయంటే ఎక్కడో మురుగు కలిసిందన్నమాట. సీసా నల్లబడిన రోజున ఆవిడ అన్నం ముట్టేది కాదు. ఆ వీధికి మళ్లీ పరుగెత్తి, తలుపు తలుపూ తట్టి, "కాచుకుని తాగండమ్మా, మరిచిపోకండి" అని పదిసార్లు చెప్పి వచ్చేది. "ఈవిడకి ఇంత ఆరాటమేంట్రా" అని కొత్తగా చేరినవాళ్లు నవ్వితే, పాతవాళ్లు కళ్లతోనే వద్దని వారించేవారు.

ఆవిడ భర్తదీ అదే ఆఫీసు. పైపులు అతికే ఫిట్టరుగా చేరి మేస్త్రీ అయ్యాడు. అతన్ని మ్యాపు మేస్త్రీ అనేవారు. ఊరి కింద పారే పైపులకు ఆఫీసులో మ్యాపంటూ లేదు. ఒకప్పుడు ఉండేదనీ, చెదలు తినేసిందనీ కొందరు, ఎవరో పెద్దసారు బదిలీ మీద పోతూ దాంట్లో గాజుసామాను చుట్టుకుపోయాడనీ కొందరు చెప్పేవారు. ఏదైతేనేం, ఏ సందులో ఎన్నడుగుల లోతున ఏ పైపు ఎటు మళ్లిందో మేస్త్రీ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. "నీకు జలుబు చేసినా మాకు భయమే మేస్త్రీ, తుమ్మితే సగం ఊరు మరిచిపోతావేమో" అని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు. అతను నవ్వేవాడు కాదు. మొదట్నించీ అంత మూగమనిషి కాదు. పన్నెండేళ్లుగా అలా అయ్యాడు.

పన్నెండేళ్ల కిందట వాళ్లకో కూతురుండేది. పుట్టినప్పుడు గుప్పెడంత, తెల్లగా ఉందని గవ్వ అని పిలుచుకున్నారు. ఏడేళ్ల పిల్ల. ఒక్క క్షణం కుదురుగా ఉండేది కాదు. తండ్రి పనినుంచి రాగానే అతని సంచి బోర్లించి, రెంచీలూ మరలూ నేలమీద బారులు తీర్చి, "నీళ్లు ఇటు వెళ్లాలి, అటు వెళ్లకూడదు" అని ఇనుపముక్కలకు ఆజ్ఞలిచ్చేది. ఆ ఏడు వానలు వారం ముందుగా వచ్చాయి. ఏటా వానలు మొదలయ్యాక సీసాలక్క ఇంట్లో నీళ్లు కాచి వడపోసేది. ఆ ఏడు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంది. వాళ్ల సందులో ఇరవై ఇళ్లవాళ్లు మంచాన పడ్డారు, వాంతులూ విరేచనాలూ. ఎదురింటి దర్జీ తాత ఆసుపత్రికి వెళ్లే దారిలోనే పోయాడు. గవ్వ నాలుగు రోజులుంది. ఐదోరోజు మధ్యాహ్నం, తల్లి చెయ్యి పట్టుకునే, పోయింది.

ఆఫీసువాళ్లు వచ్చి చూసి, మేడమీద తొట్లు కడుక్కోకపోవడం వల్లేనని రాసుకుపోయారు. వీధి కుళాయిని తప్పుపట్టినవాళ్లు లేరు. సీసాలక్క ఆ తొట్టి మాట పట్టించుకోలేదు. తప్పు ఎవరిదో ఆవిడకు ముందే తెలుసు. "నా బద్ధకం," అనేది. "నా బద్ధకం నా పిల్లని తినేసింది." తర్వాతి ఏడాది ఆ సీసాల ఉద్యోగం ఖాళీ పడితే తనే అడిగి మరీ చేరింది. పన్నెండేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అన్నప్పుడల్లా భర్త గోడవైపు తిరిగి, "ఊరుకో, అలా అనకు," అనేవాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. పాపం, అతని బాధ అతనిది అనుకునేది ఆవిడ.

ఇలా ఉండగా నీళ్ల ఆఫీసుకు కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. ముప్పై దాటి ఉండవు. కుర్చీలో కూర్చునే రకం కాదు. వచ్చిన నెలలోనే సీసాలక్క పాత పుస్తకాలన్నీ ముందేసుకుని, ఏ వీధిలో ఎన్నిసార్లు సీసా నల్లబడిందో గోడమీద పటం గీయించింది. ఊరంతా తుప్పుపట్టిన పోత ఇనుప పైపులు మార్చాలనీ, రోజుకు గంటసేపు వదిలే నీళ్లు పగలూ రాత్రీ వచ్చేలా చెయ్యాలనీ పైవాళ్లతో పోట్లాడి ఒప్పించింది. తర్వాత వీధి వీధికీ వెళ్లి, అరుగులమీద కూర్చుని జనానికి చెప్పేది.

"నీళ్లు ఆపేసినప్పుడు పైపు ఊరికే ఖాళీగా ఉండదమ్మా," అని ఒకరోజు సీసాలక్క వాళ్ల సందులోనే చెప్పింది. "పీలుస్తుంది. కొబ్బరిబొండాంలో గొట్టం పెట్టి పీల్చినట్టే. పైపుకి చిల్లుంటే చుట్టూ ఏముంటే అది లోపలికి లాగుతుంది. బురదుంటే బురద, మురుగుంటే మురుగు. ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉంటే లోపలికి ఏదీ రాలేదు."

సీసాలక్క ఆ మాట విని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. సాయంత్రం భర్తతో, "మన సందులోనూ అలాగే జరిగిందేమోనండీ," అంది. అతను పళ్లెంలో అన్నం కలుపుతూ ఆగాడు. "ఏమో," అని లేచిపోయాడు. సగం అన్నం పళ్లెంలోనే ఉంది.

పాత పైపులు ఎక్కడున్నాయో చూపించాల్సింది మేస్త్రీయే. రోజూ పొద్దున్నే రోడ్డుమీద సున్నంతో గీతలు గీసుకుంటూ పోయేవాడు. అతను గీసినచోట తవ్వితే జానెడు అటూ ఇటూ కాకుండా పైపు తగిలేది. ఇంజనీరమ్మ పక్కనే నడుస్తూ కంప్యూటరులోకి ఎక్కించుకునేది. ఏడు నెలల్లో ఊరు మూడొంతులు పూర్తయింది. సొంత సందు మాత్రం అతను వెనక్కి నెడుతూ వచ్చాడు. ఒకసారి రాతినేల అన్నాడు. ఒకసారి ఇరుకు, యంత్రం పట్టదన్నాడు. చివరికి తప్పనప్పుడు, "కొత్తపైపు పక్కనుంచి వేసుకుపోదాం మేడమ్. పాతది భూమిలోనే వదిలేద్దాం. దాని జోలికెందుకు?" అన్నాడు.

"అన్నిచోట్లా అలాగే చేస్తున్నాంగా మేస్త్రీగారూ, వదిలేద్దాం," అంది ఇంజనీరమ్మ. కానీ సందు మొదట్లో మురుగుకాలవ దాటేచోట రెండు పైపులకు జాగా చాలదు. అక్కడ మాత్రం పాతది పీకాల్సిందే అని కొలతలు చూశాక తేలింది.

తవ్వేరోజున మేస్త్రీ ఒళ్లు బాగాలేదని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నుదుటిమీద చెయ్యి వేసి చూస్తే చల్లగానే ఉంది. "నడుం నొప్పి," అన్నాడు. సీసాలక్క మంచినీళ్లు పక్కన పెట్టి, పెట్టె తగిలించుకుని బయల్దేరింది. కొత్తపైపు కడిగాక మొదటి సీసా పట్టే పని ఆరోజు ఆవిడదే. తన సందు, తన చేత్తో పట్టాలని పట్టుదలగా ఉంది.

కాలవ గట్టుమీద సందు జనమంతా చేరారు. దర్జీ తాత భార్య, మామ్మగారు, ముక్కాలిపీట తెచ్చుకుని కూర్చుంది. కూలీలు కాలవకు అడ్డం కట్టి, అడుగున తవ్వి, పాతపైపును బయటపెట్టారు. సరిగ్గా కాలవ నడుమ ఒక అతుకుంది. దానిమీద ఇనుప క్లాంపు, పైపు చుట్టూ మరలతో బిగించే పట్టీ, ఉంది. క్లాంపు బాగానే ఉంది, గట్టిగానే ఉంది. పైపు రెండు ముక్కలు చేసి పైకి లాగాలి గనక ఆ మరలు విప్పారు. కింద సైకిలు ట్యూబు. దానిమీద ఇనపతీగ. తీగ కోసి ట్యూబు విప్పితే ఇంకో పొర, జిగటగా నల్లగా.

"ఇదేంటిది, గుడ్డ చుట్టి ఉంది?" అన్నాడో కూలీ. పీకి గట్టుమీద పడేశాడు. నీళ్లు చిమ్మి కడిగాడు.

ప్లాస్టిక్ గుడ్డ. భోజనాలబల్లమీద పరిచే రకం. బయటివైపు రంగేమీ మిగల్లేదుగానీ, మడతల లోపల ఊదారంగు ద్రాక్షగుత్తులు ఇంకా తెలుస్తున్నాయి.

సీసాలక్క దగ్గరికి వెళ్లి వంగి చూసింది. చేతిలోకి తీసుకుంది. మూల ఒకటి గుండ్రంగా కుట్టి ఉంది. ఆ కుట్టు తనది.

ఆ గుడ్డ వాళ్ల బల్లమీది గుడ్డ. కొత్తగా కొనుక్కుని, మూలలు తనే మడిచి కుట్టుకుంది. వారం తిరక్కుండా ఒక మూల జానెడున్నర ముక్క కత్తిరించేసి ఉంది. కత్తెరతో ఆడేది ఇంట్లో ఇంకెవరు? గవ్వను పిలిచి అడిగింది. "నేను కాదమ్మా," అంది పిల్ల. అబద్ధం కూడానా అని చెంపమీద కొట్టింది. "నేను కాదమ్మా, ఒట్టు," అని ఏడుస్తూనే నిద్రపోయిందా పిల్ల. అది జరిగిన పన్నెండో రోజున వానలు మొదలయ్యాయి.

ఇంజనీరమ్మ ఏదో అడుగుతోంది. సీసాలక్కకు వినపడలేదు. పెట్టె భుజాన అలాగే ఉంది. గుడ్డ పట్టుకుని సందులోకి నడిచింది. పది గడపలు దాటితే ఇల్లు.

మేస్త్రీ మంచంమీద లేచి కూర్చుని ఉన్నాడు. భార్య చేతిలో ఉన్నదాన్ని చూశాడు. దుప్పటి తీసి పక్కన పెట్టాడు.

"చెప్పు," అంది. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆవిడ అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

అతను చెప్పాడు. కాలవ కింద జాయింటు ఊడిందని కబురొచ్చింది. స్టోరులో క్లాంపులేదు. ముందే మూడుసార్లు రాసిచ్చాడు. రాలేదు. పైఅధికారి వచ్చి, జనం ఆఫీసుమీద పడుతున్నారు, ప్రస్తుతానికి ఏదో ఒకటి చుట్టెయ్, వచ్చేవారం క్లాంపు తెప్పిస్తానన్నాడు. ఇల్లు పది గడపల అవతలే ఉంది. వచ్చి చూస్తే ఎవరూ లేరు. బల్లమీది గుడ్డ గట్టిగా, కొత్తగా ఉంది. కోసుకుపోయాడు.

"కారకుండా ఆగింది. బాగానే కుదిరిందనుకున్నా," అన్నాడు. "వారం పోయింది. ఇంకోచోట పెద్దపైపు పగిలింది. అటు పరిగెత్తా. రెండువారాలయ్యాయి. ఈలోపు వాన..."

"అది జబ్బుపడగానే తెలిసిందా?"

"మొదటిరోజు తెలీలేదు. రెండోరోజు దర్జీ తాత పోయాక తెలిసింది."

"తెలిసి?"

"బజార్లో నా డబ్బుతోనే క్లాంపు కొనుక్కెళ్లి బిగించా. ఎవరికీ చెప్పలేదు. గుడ్డ తీసేద్దామని చెయ్యి పెట్టా. రాలేదు. దానిమీదే బిగించేశా."

సీసాలక్క గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది. పెట్టెలో సీసాలు గలగలమన్నాయి.

"ఒక్క మాట," అంది. "చుట్టావు. సరే. స్టోరులో లేకపోతే నువ్వేం చేస్తావ్. ఇంటికొచ్చి 'నీళ్లు కాచవే కొన్నాళ్లు' అని ఒక్క మాట అనలేకపోయావా? నేను కాచేదాన్ని కాదా? ఎందుకని అడిగితే అడిగేదాన్ని. నీ పరువు పోయేదా?"

"నేనూ అవే నీళ్లు తాగాను," అన్నాడతను. అది జవాబు కాదని అతనికీ తెలుసు.

"పన్నెండేళ్లు. నా బద్ధకం, నా బద్ధకం అని కొట్టుకుంటుంటే పక్కనే పడుకుని విన్నావు."

అతను తల దించుకున్నాడు.

"గుడ్డ కోసిందని దాన్ని నేను కొట్టిన రోజున నువ్వెక్కడున్నావు?"

బయట కాలవదగ్గర యంత్రం ఆగింది, మళ్లీ మొదలైంది.

"వసారాలో చెప్పులు విప్పుతున్నా," అన్నాడు. "విన్నా. చెబుదామనే లోపలికొచ్చా. అప్పటికే ఏడుపు ఆపేసింది. రేపు చెబుదాంలే అనుకున్నా."

సీసాలక్క ఏడవలేదు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని పెద్దలు అంటారు, ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలని. ఆవిడకు ఆ మాట తోచలేదు. తోచింది ఎదురింటి మామ్మ.

"లే," అంది. "మామ్మకి చెప్పాలి. వచ్చి నీ నోటితో చెప్పు."

అతను లేచాడు. చొక్కా తొడుక్కుని, గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, ఆవిడ వెనకాలే నడిచాడు. కాలవ గట్టుమీద అందరి ఎదురుగా చెప్పాడు. అధికారి పేరెత్తలేదు, స్టోరు మాట ఎత్తలేదు. "నేను చుట్టాను. మళ్లీ వచ్చి బాగుచెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు," అన్నాడు, అంతే. ఎవరో ఒకాయన బూతు తిట్టి మీదికి వచ్చాడు. కూలీలు పట్టుకున్నారు. మామ్మ ముక్కాలిపీటమీంచి లేవలేదు.

"ఎన్నిసార్లొచ్చావురా మా కుళాయి బాగుచెయ్యడానికి," అంది మెల్లగా. "ఎండన పడి వచ్చినా టీ ఇస్తే తాగేవాడివి కావు. గుమ్మం దాటి లోపలికే వచ్చేవాడివి కావు. మర్యాదస్తుడు అనుకున్నాన్రా నిన్ను." తర్వాత సీసాలక్కవైపు తిరిగింది. "మా ఆయనకి ఎనభై రెండేళ్లమ్మా. నీ పిల్లకి ఏడు. నేను నీకేం చెప్పను?"

ఇంజనీరమ్మ ఆ సాయంత్రం మేస్త్రీని ఆఫీసులో కూర్చోబెట్టి వాంగ్మూలం రాయించుకుంది. స్టోరుకు రాసిచ్చిన మూడు చీటీల సంగతి ఆవిడే పాత ఫైళ్లు తిప్పి బయటికి లాగింది. పైఅధికారి రిటైరై పోయి, ఆపైన లోకం వదిలీ చాలాకాలమైంది. విచారణ ఐదునెలలు నడిచింది. మేస్త్రీ హోదా తీసేశారు. ఉద్యోగం మాత్రం ఉంచారు, అదీ ఇంజనీరమ్మ పట్టుబట్టబట్టి. "ఈయన్ని పంపించేస్తే రేపట్నించి ఏ ఫిట్టరూ నోరు విప్పడు," అందావిడ పెద్దల ముందు. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది ఈయనొక్కడే కాదు. క్లాంపు ఇవ్వని మనమూ ఉన్నాం."

ఆ తర్వాత ఆఫీసులో కొన్ని మారాయి. ప్రతి పేటలోనూ సామాన్ల గది ఒకటి వచ్చింది, క్లాంపులు లేవనే మాట రాకుండా. తాత్కాలికంగా ఎవరేం చుట్టినా అదేరోజు రాయాలి, ఏడురోజుల్లో విప్పి సరిచెయ్యాలి, ఈలోగా ఆ వీధివాళ్లకి కాచుకోమని చెప్పిరావాలి. మేస్త్రీ తనంతట తానే ఇంకో పని చేశాడు. ఇరవైఆరేళ్ల సర్వీసులో తన చేత్తో వేసిన దొంగ అతుకులన్నీ గుర్తుచేసుకుని ఒక్కొక్కటీ రాయించాడు. బడి వెనక సందులో గోనెపట్టా. సంతదగ్గర చెక్కమేకు. ఆసుపత్రి మలుపులో సబ్బు, జనపనార. ఇంకా నీళ్లు పారే పాతపైపుల మీదే అరవై ఒకటి తేలాయి. ఒక్కోచోటా తవ్వుకుంటూ పోయారు. తొమ్మిదిచోట్ల మురుగు చెంతనే ఉంది.

ఇంట్లో ఉండమని ఆవిడ అనలేదు, పొమ్మనీ అనలేదు. వారం చూసి అతనే గుట్టమీది పంపుహౌసుకు బదిలీ అడుక్కుని, అక్కడి గదిలోకి మారాడు. వెళ్లేటప్పుడు తన సంచి, రెండు జతల బట్టలు పట్టుకెళ్లాడు. గవ్వ ఫోటో ఒకటి అడుగుదామని గుమ్మంలో కాసేపు నిలబడి, అడక్కుండానే వెళ్లాడు.

ఇప్పుడు సందులో ఎప్పుడు తిప్పినా కుళాయి వస్తుంది. బిందెలు బారులు తీర్చే పనిలేదు, పీపా నింపుకునే పనిలేదు. ఆడవాళ్లు పొద్దున మరో గంట పడుకుంటున్నారు. సీసాలక్క పుస్తకంలో ఏడాదిగా ఆ సందు పక్కన నల్లచుక్క పడలేదు. ఊరంతా మెచ్చుకుంది, పక్క ఊళ్లవాళ్లు చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్లకు ఇంజనీరమ్మ ఆవిడను చూపించి, "మా పనంతా ఈ అక్క పుస్తకాలతోనే మొదలైంది," అని చెప్పేది. సీసాలక్క తల ఊపి పక్కకు తప్పుకునేది. రోజూ ఏదో ఒక వేళ, కూర తరుగుతుంటేనో బస్సుకోసం నిలబడితేనో, 'నేను కాదమ్మా' అన్న గొంతు వినపడేది. నీళ్ల విషయంలో తప్పు ఇద్దరం పంచుకోవచ్చు అనుకునేది. ఆ దెబ్బను పంచుకోవడం ఎలాగో ఆవిడకు తెలియలేదు.

నెలకోసారి పంపుహౌసులోనూ సీసా పట్టాలి. వెళ్లినప్పుడల్లా అతనే కుళాయి తిప్పేవాడు, ఆవిడ పట్టేది. "తిప్పండి," "చాలు," అంతే మాటలు. చిక్కిపోయాడు. జుట్టు పూర్తిగా నెరిసింది.

వాన కురిసి వెలిసిన ఒక ఉదయం సీసాకు మూత బిగిస్తుంటే అన్నాడు, "అరవై ఒకటీ అయిపోయాయి. నిన్న ఆఖరిది మార్చారట."

"విన్నాను."

నేలవైపు చూస్తూ అడిగాడు. "ఇంటికి రానా?"

ఆవిడ సీసామీద చీటీ అంటించి, తేదీ వేసి, పెట్టెలో పెట్టింది.

"రమ్మనాలనే ఉంటుంది ఒక్కోసారి," అంది. "నా నోరు రావట్లేదు. వస్తుందో రాదో కూడా తెలీదు. నా కోసం కాచుక్కూర్చోకండి."

"సరే," అన్నాడు. "గుట్టెక్కితే నీకు మోకాళ్ల నొప్పులు. వచ్చేనెల నేనే సీసా కింద గేటుదాకా తెచ్చిస్తాలే."

"పట్టేవాళ్లే స్వయంగా పట్టాలి. రూలు."

అతను తలూపాడు. మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని దిగమన్నాడు.

దిగి బస్సెక్కింది. కూర్చున్న కొద్దిసేపటికి ఏడుపొచ్చింది. ఎంత అదుముకున్నా ఆగలేదు. పక్కనున్నావిడ ఎవరో, ఏమిటని అడగలేదు. తను లేచి కిటికీ పక్క చోటిచ్చి, సీసాల పెట్టె తన ఒళ్లో పెట్టుకుంది. ఆరోజుకింకా పదకొండు ఇళ్లు తిరగాల్సి ఉంది.